తారు దిగని బండి

కరీంనగర్,
12-2-1967

చిరంజీవి హనుమండ్లుకు,

ఇక్కడ అందరం కుశలం అని మొదలుపెట్టడం ఆచారం. నాకు మోకాళ్లు బాగులేవు, మీ అత్త శంకరవ్వకు నేను బాగులేను. తక్కిన కరీంనగరమంతా కుశలమే.

నువ్వు బొంబాయి వదిలి బహ్రెయిన్ చేరి ఏడాది దాటింది. నాలుగు ఉత్తరాలు రాశావు. నాలుగింటిలోనూ ఎండ ఉంది, ఖర్జూరం ఉంది, సముద్రం ఉంది. రోడ్డు గురించి ఒక్క ముక్క లేదు. నా ఇంట్లో ఉండి చదువుకున్నవాడివి, నా బస్సులో గేరు మార్చడం నేర్చి ఇప్పుడు లారీ నడుపుతున్నవాడివి. మేనమామకు ఏమి రాయాలో తెలియదా?

నేను అడిగేవాటికి జవాబు రాయి. అక్కడ బండ్లు ఏ పక్కన నడుస్తాయి? ఇరుకు రోడ్డు మీద రెండు ఎదురుపడితే ఎవరు దిగాలి, నిండుబండా, వట్టిబండా? తన పక్కన చోటు లేక ఒకడు అవతలి పక్కకు దిగితే అది నేరమా? ఊహించి రాయకు, అడిగి రాయి. అరబ్బులను అడుగు, ఇంగ్లీషువాళ్లను అడుగు, ఇరానీలు ఉంటారట, వాళ్లనూ అడుగు. ఎందుకని మాత్రం నన్ను అడగకు.

ఇక్కడి సంగతి. నిన్న గడియారం టవరు దగ్గర నిలబడ్డాను. ఒక బస్సు, రెండు ఎడ్లబండ్లు, మగ్గం దూలం మోస్తున్న ఇద్దరు మనుషులు, సైకిలు మీద భార్యనూ మేకనూ ఎక్కించుకున్న ఒక ఘనుడు, అందరూ ఒకేసారి ఒకే చోటికి వచ్చారు. పోలీసు జవాను చాయ హోటలు నీడలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఎవరికి ఊపుతున్నాడో ఆయనకే తెలియదు. మేకవాడు నాతో "పెద్దమనిషీ, జర పక్కకు జరుగు" అన్నాడు. "ఏ పక్కకు?" అన్నాను. "నాకేమెర్క? నువ్వొక దిక్కు జరిగితే నేను ఇంకో దిక్కు పోత" అన్నాడు. మన రహదారి శాస్త్రమంతా ఇంతే. గ్రంథాలయంలో ఇంతకంటే మంచి పుస్తకం దొరకలేదు.

నా బస్సులో ఆరేళ్లు టికెట్లు కొట్టిన కొండల్ ఇప్పుడు చెకింగ్ ఇన్‌స్పెక్టరు. ఆ బస్సులోంచి నన్ను చూసి తల తిప్పుకున్నాడు. తిప్పుకోవడం వాడికి పాత విద్య.

ఆశీస్సులతో మీ మామ,
లింగమూర్తి

మీ అత్త రాయమన్నది: అక్కడ జొన్నలు దొరుకుతాయా?


మనామా, బహ్రెయిన్,
9-3-1967

మామకు, అత్తకు మొక్కి రాస్తున్నాను.

జొన్నలు దొరకవని అత్తకు చెప్పండి. గోధుమ రొట్టె, అన్నం, చేపలు దొరుకుతాయి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివి కూడా అర్థం కాక నా గదిలో ఉండే మునీర్‌కు చదివి వినిపించాను. ఆయనది జగిత్యాల, ఆయనా లారీ డ్రైవరే. విని, "మీ మామకు ఇక్కడికొచ్చే ఇరాదా ఉన్నది భాయ్. లేకుంటే కరీంనగర్‌ల కూసున్న ముసలోనికి అరబ్బుల రోడ్డుతోని ఏం పని? శరమై చెప్తలేడు" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. కంపెనీలో అడిగాను. యాభై దాటినవాళ్లను తీసుకోరట. అయినా మా ఇంగ్లీషు దొర మంచివాడు. దరఖాస్తు ఫారం ఇచ్చాడు. ఈ కవరులోనే పెట్టాను. వయసు దగ్గర కొంచెం చూసుకుని రాయండి.

ఇక్కడ మన లెక్కనే ఎడమ పక్క. నీళ్ల అవతల సౌదీలో కుడి పక్క. కంపెనీ లారీలను పెద్ద పడవలకెక్కించి అవతలికి పంపుతారు. పడవ దిగిన మొదటి గంట నా చేతులు నా మాట వినవు. ఎదురుగా బండి వస్తే ఎడమకే లాగుతాయి. మునీర్ పక్కన కూర్చుని "అన్నం తినే చెయ్యి దిక్కు! అన్నం తినే చెయ్యి దిక్కు!" అని అరుస్తుంటాడు. మళ్లీ ఇవతలికి వచ్చాక రెండో రకం పరేషాన్. వచ్చే చలికాలంలో బహ్రెయిన్‌ను కూడా కుడికి మారుస్తారని అందరూ అనుకుంటున్నారు. అప్పుడు ఒకటే పరేషాన్ ఉంటుంది.

హారన్ సంగతి ఇంకా వింత. మన దగ్గర హారన్ కొట్టకపోతే తిడతారు. దొర పక్కన కూర్చున్నప్పుడు ఒకసారి కొడితే, "అతను నీకేం అపకారం చేశాడు?" అని అడిగాడు. ఒక ఇరానీ డ్రైవరును అడిగాను. వాళ్ల కొండల్లో ఎక్కే బండికి దిగే బండి ఆగాలట. మస్కట్ వైపు ముసలాయన ఒకాయన, ఆడవాళ్లు కూర్చున్న బండికి ఎవరైనా సరే తోవ ఇవ్వాలన్నాడు. మన దిక్కు కూడా అట్లాంటి పద్ధతి ఒకటి ఉంది కదా మామా. మీ నిండుబండి, వట్టిబండి ప్రశ్న మాత్రం దొరకు అర్థం చేయించలేకపోయాను. "లోపల ఏముందో ఎదుటివాడికి ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు.

ఫారం తొందరగా పంపండి.

మీ అల్లుడు,
హనుమండ్లు


కరీంనగర్,
2-4-1967

హనుమండ్లూ,

కవరు చింపగానే నీ ఫారం జారి కింద పడింది. నాకంటే ముందు మీ అత్త చేతికి దొరికింది. తనకు ఇంగ్లీషు రాదు కనుక పక్కింటివాళ్లతో చదివించింది. సాయంత్రానికల్లా లింగమూర్తి అరబ్బు దేశం పోతున్నాడని బజారంతా తెలిసింది. ఒకరు టార్చిలైటు తెమ్మన్నారు, ఒకరు అత్తరు తెమ్మన్నారు. కొండల్ ఇంటికే వచ్చి, "అన్నా, పాత ముచ్చట్లు మనసుల పెట్టుకోకు. దిల్ సాఫ్ చేసుకొని పో" అన్నాడు. "నేను చావబోవట్లేదురా" అన్నాను. "గదే గదే" అన్నాడు. మీ అత్త నాలుగు రోజులు మాట్లాడలేదు. "చెప్పకుంట పోదామనుకున్నవా?" అని గోడకు చెప్పింది.

నాకు అరవై మూడేళ్లు. ఏ దేశమూ రాను. నా లైసెన్సు మీద పదేళ్ల కిందట "రద్దు" అని ముద్ర కొట్టారు. ఆ ముద్ర పోవాలి, అంతే. నౌకరీ కోసం కాదు. ఇరవై రెండేళ్లు సర్కారు బస్సు నడిపాను. నా చక్రం కింద ఒక్క కోడి పడలేదు. తప్పుపక్క నడిపినవాడు అనిపించుకుని చావను. ఇప్పుడు ఆదిలాబాదుకు కొత్త అధికారి వచ్చాడు. పాత కేసులు తిరగదోడడానికి ఒప్పుకున్నాడు. పిటిషన్ వేశాను.

అప్పుడు నువ్వు నా ఇంట్లోనే ఉన్నా నీకు సగమే తెలుసు. మొత్తం విను. 1957, శ్రావణ మాసం. ఆదిలాబాదు నుంచి నిర్మలుకు నిండు బస్సు. ఇచ్చోడ ఇంకా రెండు మైళ్లుందనగా ఒక కల్వర్టు. అక్కడ తారు ఒక్క బండి పట్టేంతే. ఎదురుగా గూడుబండి వస్తోంది. అది మీ బాపుదని, నా చెల్లెలి మొగుడిదని, ఎడ్లను చూసి గుర్తుపట్టాను. బట్టల వ్యాపారం కదా, ఆదిలాబాదు పోయేటప్పుడు ఎప్పుడూ వట్టిబండి, వచ్చేటప్పుడు మూటలు. మన అడవి రోడ్ల ధర్మం ఏమిటి? నిండుబండిది తోవ, వట్టిబండి తారు దిగాలి. ఏ కానూను పుస్తకంలోనూ రాసి లేదు. ఏ బండివాణ్ని అడిగినా చెప్తాడు. మూడుసార్లు హారన్ కొట్టాను. మీ బాపు దిగలేదు. నా ఎడమన గోడ కూలి వాగు పారుతోంది. కుడికి కోశాను. బండికి తాకలేదు. బురదలో జారి ఇప్పచెట్టుకు కొట్టుకున్నాను. ప్రయాణికులకు ఏమీ కాలేదు, నా తలకు ఏడు కుట్లు పడ్డాయి.

విచారణలో మీ బాపు పర్శరాములు గారు సెలవిచ్చిన మాటలు నాకు కంఠస్థం. "నాది వట్టిబండి. నేను తారు మీదనే ఉన్న. బస్సే కుడిదిక్కు వచ్చింది." కానూనుకు అది చాలు. కొండల్, "నేను టికెట్లు కొడుతున్న, చూడలే" అన్నాడు.

నీ ఉత్తరంలో పనికొచ్చే ముక్క ఒకటుంది. అక్కడి సర్కారే కుడికి మారుతున్నదన్న సంగతి. సగం ప్రపంచానికి ఒప్పు అయినది ఇచ్చోడ దగ్గర తప్పు ఎట్లా అయింది? పిటిషన్‌లో ఇదే రాశాను. ఇక మీ బాపు ఒక్క కాగితం ఇవ్వాలి. "నాది వట్టిబండి, తోవ ఇయ్యవలసినవాణ్ని నేనే" అని. మొదటి సగం ఎప్పుడో చెప్పాడు, రెండో సగం చెప్తే చాలు. ఆ మనిషితో నేను మాట్లాడను. నువ్వు రాయి.

లింగమూర్తి


మనామా,
20-5-1967

మామకు నమస్కారం.

ఫారం సంగతికి సిగ్గుపడుతున్నాను. అత్తకు నా తరఫున చెప్పండి, తప్పు మునీర్‌ది.

మీరు చెప్పినట్టే బాపుకు రాశాను. ఇచ్చోడ బడిపంతులుతో జవాబు రాయించాడు. ఆయన బాపు నోటి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాడు: "బండి వట్టిదని అప్పుడే చెప్పిన, ఇప్పుడు గూడ గదే చెప్త. యాడ ఏలిముద్ర ఎయ్యమంటే ఆడ ఏస్త. బావ కేసు గెలిస్తె నాకేమన్న కడుపుమంటనా?"

బాపు ఒప్పుకున్నాడు. కాని మామా, ఆ కాగితం తీసుకోవద్దు. పిటిషన్ నడవనివ్వండి, అరబ్బుల సంగతి రాయండి, ఇరానీల సంగతి రాయండి, బాపు కాగితం ఒక్కటి వద్దు. ఎందుకో చెప్పలేను. నన్ను కన్న అవ్వకు మాట ఇచ్చాను.

మీకు పనికొచ్చేవి ఇంకా పోగుచేస్తున్నాను. ఇక్కడ తెల్లగాడిదల బండ్లున్నాయి. అవి రోడ్డు మధ్యలోనే పోతాయి. లారీ వస్తే గాడిద ఆగుతుంది, తోలేవాడు దిగి గాడిదతో మాట్లాడతాడు, గాడిదకు ఇష్టమైన పక్కకు బండి జరుగుతుంది. గాడిద ఏ పక్కకు జరుగుతుందో తెలిసేదాకా మేము కదలం. ఇది పిటిషన్‌కు పనికొస్తుందో లేదో.

మోకాళ్లకు ఏదైనా నూనె పంపనా?

హనుమండ్లు


కరీంనగర్,
18-9-1967

హనుమండ్లుకు,

నాలుగు నెలలు రాయలేదు. కోపం వల్ల. నూనె వద్దు.

మీ బాపు కాగితం నేనే తెప్పించుకున్నాను. వేలిముద్ర పడింది. డిసెంబరు పదకొండున ఆదిలాబాదులో విచారణ. మీ బాపుకు సాక్షిగా నోటీసు పోయింది. నువ్వు ఎందుకు వద్దన్నావో నేను కనిపెట్టాను. కాగితం ఇచ్చినట్టే ఇచ్చి, అధికారి ముందు మాట తప్పాలని మీ బాపు పథకం. నీకది తెలుసు. నీకు బాపు ఎక్కువ, మామ తక్కువ. సహజమే.

ఈ నెల మూడో తేదీన స్వీడన్ దేశంవాళ్లు ఒకే రోజున ఎడమ నుంచి కుడికి మారారు. పత్రికలో చదివాను. దేశానికి దేశం తెల్లవారేసరికి పక్క మార్చుకుంది, ఒక్క డ్రైవరు లైసెన్సు మీద ముద్ర పడలేదు. ఆ ముక్క రాసుకుంటుంటే గ్రంథాలయం కార్యదర్శి వచ్చి, "నువ్వు నడిపింది ఇచ్చోడలగద లింగమూర్తీ, స్వీడన్‌ల గాదు గద" అన్నాడు. ఆయన జన్మలో సైకిలు ఎక్కలేదు.

ఇంతవరకు నీతో అననిది ఇప్పుడు అంటున్నాను. తోవ ఇవ్వకపోవడం నాకు పెద్ద లెక్క కాదు. చెట్టుకు కొట్టుకుని తల పగిలి స్టీరింగు మీద పడి ఉన్నాను. రక్తం కళ్లలోకి కారుతోంది. ఆ ఎర్రటి తెరలోంచి మీ బాపు బండి నా పక్కనుంచి పోవడం చూశాను. ఆయన నా ముఖం చూశాడు. ఆపలేదు. ఎడ్లను కర్రతో కొట్టి తొందర చేశాడు. సొంత బావ చస్తుంటే ఆగని మనిషి. ఆ తర్వాతే నాకు సోయి తప్పింది.

ఇంకొకటి. ఆ శ్రావణంలోనే మీ అవ్వకు ఏడో నెలలో పసిగుడ్డు దక్కలేదని ఎవరో వచ్చి చెప్పారు. నేను నిర్మలు దవాఖానలో కుట్లతో పడి ఉన్నాను, పోలేకపోయాను. ఇంట్లో బండి ఉంది, ఎడ్లున్నాయి, ముప్పై కిలోమీటర్లలో పెద్ద దవాఖాన ఉంది. మూటల కోసం నెలకు మూడుసార్లు ఆదిలాబాదు పోయే మనిషి, చూలాలైన భార్యను ఒక్కసారి తీసుకుపోలేకపోయాడు. నా చెల్లెలు పోశవ్వ కడుపుకోత ఆయన పిసినారితనం వల్లనే. ఇదంతా అధికారి ముందు చెప్తాను. ఎలాంటి మనిషి సాక్ష్యం మీద నా లైసెన్సు తీశారో వినాలి గదా.

లింగమూర్తి


మనామా,
8-10-1967

మామా,

ఈ ఉత్తరంలో నిన్ను మీరు అని రాయలేను. మాట తప్పుతున్నాను. అవ్వ నన్ను తిడితే తిట్టనీ.

ఆ రోజు బండి వట్టిది కాదు. గూడులో అవ్వ ఉంది.

పొద్దున్నుంచి నొప్పులు. ఏడో నెల. మంత్రసాని చూసి, తన చేతిలో లేదని, ఆదిలాబాదు తీసుకుపొమ్మని చెప్పింది. వాన వల్ల అటువైపు పోయే బస్సు ఆ రోజు రాలేదు. బాపు బండిలో మోకాలి మందం గడ్డి పరిచి, అవ్వను పండబెట్టి, గూడు ముందూ వెనకా గొంగడి కట్టాడు. "కుదుపు తగులొద్దు, తారు దిగకుర్రి" అని మంత్రసాని చెప్పి పంపింది. చూలాలి బండి తారు దిగదు, నిండుబండైనా దానికి తోవ ఇవ్వాలి. ఇది నీ ధర్మంలోనిదే మామా. నేను మార్చిలో గుర్తు చేసినా నువ్వు పట్టించుకోలేదు. ఆ రోజు నాలుగు కలపబండ్లు బాపు కేక విని బురదలోకి దిగాయట. నీ బస్సు కనిపించినప్పుడు కూడా బాపు నిలబడి కేక వేశాడు. ఇంజను చప్పుడులో నీకు వినపడలేదు.

నీ బస్సు కుడికి మళ్లగానే ఎడ్లు బెదిరి వాగు దిక్కు గుంజాయి. ఒక చక్రం తారు అంచు మీంచి మూరెడు లోతుకు పడింది. బాపు దిగి భుజం పెట్టి ఎత్తాడు. నిన్ను చూశాడు. నలభై మంది నీ చుట్టూ దిగుతున్నారు. గూడులో అవ్వ చుట్టూ ఎవరూ లేరు. అందుకని ఎడ్లను కొట్టాడు. "ఏమైంది?" అని అవ్వ అడిగితే, "ఏం లేదు, ఎవడో డ్రైవరు" అన్నాడు.

గుడిహత్నూరు చేరకముందే కాన్పయింది. పసిగుడ్డు ఏడవలేదు.

పొద్దున్నుంచే కడుపులో కదలిక లేదని బాపు అంటాడు. కల్వర్టు దాకా కదిలిందని అవ్వ ఒకసారి నాతో అన్నది. ఏది నిజమో నాకు తెలియదు. నేను నీ ఇంట్లో లెక్కలు చేసుకుంటున్నాను అప్పుడు.

విచారణకు పిలిచినప్పుడు అవ్వ బాపుతో అన్న మాట: "పసిగుడ్డు పాయె. అన్నను గూడ జేలుకు పంపుతవా?" ప్రాణం పోయిన కేసు అని రాస్తారని వాళ్లకు భయం. అందుకే వట్టిబండి అన్నాడు. వట్టిబండి అని చెప్పి, తోవ ఇవ్వని మూర్ఖుడిగా నీ నోట పదేళ్లు పడ్డాడు.

నీ విచారణలో ఏం చెప్పుకుంటావో చెప్పుకో.

హనుమండ్లు


మనామా,
24-11-1967

మామకు, అత్తకు నమస్కారం.

ఆరు వారాలైంది, జవాబు లేదు. నా ఉత్తరం అందిందో లేదో తెలియదు. అందకపోతే బాగుండునని ఒక రోజు, అందితే బాగుండునని ఒక రోజు అనుకుంటున్నాను. కోపంలో రాశాను. మీ ఆరోగ్యం ఎట్లా ఉందో అత్తతోనైనా రెండు ముక్కలు రాయించండి.

ఇక్కడ మొన్న కుడికి మారిపోయాం. ఆ రోజు సంగతి రాస్తాను, కోపం పోయి చదువుతారని.

ముందు రోజు దాకా అందరూ ధైర్యంగా ఉన్నారు. తెల్లవారి బయటికి వస్తే ఎవరికీ ఏదీ గుర్తు లేదు. మునీర్ కుడిచేతికి రుమాలు కట్టుకున్నాడు. రుమాలు ఎందుకు కట్టుకున్నాడో మర్చిపోయి దానితోనే ముఖం తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. మొదటి మలుపులో నాకు ఎదురుగా ఒక ట్యాక్సీ వచ్చింది. నేను ఆగాను, అతనూ ఆగాడు. నేను చెయ్యి ఊపాను, అతనూ ఊపాడు. ఇద్దరం కదిలి ఇద్దరం ఒకే పక్కకు వచ్చి మళ్లీ ఆగాం. వెనక పది బండ్లు నిలిచాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. ఎవరి తప్పో ఎవరికీ తెలియదు కనుక ఎవరూ తిట్టుకోలేదు కూడా. చివరికి ట్యాక్సీ అతను దిగి వచ్చి నా లారీ చుట్టూ తిరిగి చూసి, ఇది నీ పక్క, అది నా పక్క అని వేలితో చూపించి సలాం చెప్పి పోయాడు. ఆ పూటంతా ఊరు నత్తలా నడిచింది. నా కళ్లముందు ఒక్కరికి దెబ్బ తగల్లేదు.

దొర మాత్రం ఇంకా రోడ్డుకు ఎడమ వైపే నిలబడి లారీ కోసం చూస్తున్నాడు.

డిసెంబరు పదకొండు దగ్గరికి వస్తోంది. అవ్వకు ఇంకా ఏమీ చెప్పలేదు. రాయండి మామా.

మీ హనుమండ్లు


ఇచ్చోడ,
14-12-1967

చిరంజీవి హనుమండ్లుకు,

పైన ఊరి పేరు చూసి కంగారుపడకు. ఇచ్చోడలోనే ఉన్నాను. మీ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. మీ బాపు పక్కన కూర్చుని "ఏం రాస్తున్నవ్, జర సదువు" అంటున్నాడు. చదవను.

నీ అక్టోబరు ఉత్తరం అందింది. జవాబుకు ఆరుసార్లు కూర్చున్నాను. మొదటిసారి ఇదంతా అబద్ధమని రాశాను, చింపేశాను. రెండోసారి ఏం రాశానో గుర్తు లేదు. చివరికి మీ అత్తకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. అంతా విని "నాకెర్కే" అన్నది. ఎప్పటినుంచి అని అడిగాను. "పదేండ్ల సంది. పోశవ్వ చెప్పింది. అన్న కొట్లాడుకుంట బతుకుతున్నడు, బతకనియ్యి వదినా అన్నది." మళ్లీ రాళ్లు ఏరుకున్నది. ఒకే ఇంట్లో ఉన్నాం హనుమండ్లూ. నేను రోజూ గ్రంథాలయం పోయి స్వీడన్ గురించి చదువుకున్నాను.

పదకొండో తేదీన ఆదిలాబాదు పోయాను. పిటిషన్ వెనక్కి తీసుకోవాలని పోయానో, వాదించాలని పోయానో దిగేదాకా నాకే తెలియదు. అరబ్బుల ముక్కలు, స్వీడన్ ముక్కలు రాసుకున్న నోటుపుస్తకం సంచిలో ఉంది. కచేరీ బయట బెంచీ మీద మీ బాపు. బెంచీకి ఈ చివర నేను కూర్చున్నాను. గంటసేపు ఇద్దరం ఎదుటి గోడను చదివాం.

అధికారి ముప్పై ఏళ్లవాడు, బెజవాడ వైపు మనిషి. మర్యాదస్తుడు. "లింగమూర్తి గారూ, మీరేం శ్రమపడనక్కర్లేదండీ. మీ బావగారి కాగితం మీకే అనుకూలంగా ఉంది. బండి ఖాళీ అన్నారు, దారి తనే ఇవ్వాల్సిందన్నారు. మీరు అవునంటే ముద్ర తీయించేస్తాను" అన్నాడు. పదేళ్లుగా నేను వినాలనుకున్న మాట అది. బల్ల మీద నా లైసెన్సు పెట్టి ఉంది.

"ఖాళీ కాదు సార్, నిండుబండి" అన్నాను.

మీ బాపు లేచాడు. "సార్, ముసలాయనకు తలకు దెబ్బ తగిలి సోయి సక్కగ లేదు. బండి వట్టిదే."

"నిండుదే."

"ఎహె, నా బండిల ఏముండెనో నాకెర్కనా, నీకెర్కనా?"

"నాకిప్పుడెర్కయింది."

అధికారి ఒకసారి ఆయనను, ఒకసారి నన్ను చూసి, "ఇందులో పిటిషన్ వేసిందెవరండీ?" అని గుమాస్తాను అడిగాడు. గుమాస్తా కాగితం తిరగేసి నన్ను చూపించాడు. "బండిలో ఏముంది?" అన్నాడు అధికారి. "మనిషి" అన్నాను. ఏ మనిషి అని అడగలేదు, నేను చెప్పలేదు. కొంతసేపు కాగితాలు చూసి, "ఎడమ, కుడి సంగతి సరేనండీ. మీరు బ్రేకు ఎందుకు వేయలేదు?" అన్నాడు.

పదేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. నా నోటుపుస్తకంలో లేదు. బ్రేకు బాగానే ఉంది. కల్వర్టుకు ఇవతల ఆగడానికి చోటు ఉంది. నిండు బస్సు, వట్టిబండికి నేనెందుకు ఆగాలి అనుకున్నాను. అదే చెప్పాను. గుమాస్తా రాసుకున్నాడు. పిటిషన్ కొట్టేశారు.

బయటికి వచ్చాక మీ బాపు, "పదేండ్ల సంది దాసిన ముచ్చట. ఒక్క నిమిషంల పాడు జేస్తివి గద బావా" అన్నాడు. మోకాళ్ల వల్ల బస్సు మెట్టు ఎక్కలేకపోతుంటే వెనకనుంచి చెయ్యి పెట్టి తోశాడు. "జల్ది ఎక్కు, నిండు బస్సు, నీ కోసం ఆగది" అన్నాడు. బస్సులో ఇద్దరం ఒక సీటు మీదే కూర్చున్నాం. డ్రైవరు నిక్కచ్చిగా ఎడమ పక్కనే నడిపాడు, ఎదురుగా బండి వచ్చిన ప్రతిచోటా ఆపాడు. ఎవరు వట్టి, ఎవరు నిండు అని చూడలేదు. చాలా ఆలస్యమైంది.

పోశవ్వ వాకిట్లో ఉంది. నన్ను చూసి "అన్నా, ఎంత ముసలోడివైనవే" అన్నది. మీ బాపు, "కేసు ఓడిండు, నీళ్లియ్యి" అన్నాడు. కాళ్లకు నీళ్లిచ్చింది. కాళ్లు కడుక్కుని, "ఆడనా, మగనా?" అని అడిగాను. ఎవరి సంగతి అని ఆమె అడగలేదు.

"ఆడివిల్ల" అన్నది.

నీ ఉత్తరంలో అది రాయలేదు నువ్వు. తర్వాత జొన్నరొట్టె పెట్టింది. మూడు రోజులైంది, ఇంకా పొమ్మనలేదు.

మీ మామ,
లింగమూర్తి